చెప్పిన రోజుకి ఇవ్వని టైలరు

మా తమ్ముణ్ణి జైలుకి పంపింది పోలీసులు కాదు, జడ్జిగారూ కాదు, నేను. ఈ నోటితో పంపాను. ఎనిమిదేళ్ళ తరవాత తిరిగి తెచ్చుకున్నదీ ఈ నోటితోనే, కాని చేతులు కాలాక ఆకులు పట్టుకున్నదాన్ని మెచ్చుకోమని నేనెవర్నీ అడగను. మా వీధిలో ఈ కథని తలా ఒక రకంగా చెబుతున్నారు. ఒకడైతే నేను జడ్జిగారి కాళ్ళ మీద పడి ఏడ్చానని చెప్పాడట. నేను ఎవరి కాళ్ళ మీదా పడలేదు. వాళ్ళ కథ వినడం కంటే నేనే చెప్పడం నయం.

మా తమ్ముడు టైలరు. సైకిల్ షాపుకీ ప్రింటింగ్ ప్రెస్సుకీ మధ్య ఒక్క గది కొట్టు మాది. రెండు కుట్టు మిషన్లు, గుడ్డ కత్తిరించే బల్ల, కింద మూల పగిలిన నిలువుటద్దం, గుమ్మం పక్కన నా స్టూలు. పెళ్ళయిన ఆరేళ్ళకే మా ఆయన పోతే నేను మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. అప్పటినుంచి కొట్లో కాజాలు కుట్టడం, గుండీలు కుట్టడం, అంచులు మడవడం నా పని. వీటన్నిటికంటే పెద్ద పని ఇంకొకటుంది. వచ్చిన వాళ్ళకి అబద్ధాలు చెప్పడం.

ఎందుకంటే మా వాడు మంచి పనివాడు, పరమ నిదానం. వాడు కుట్టిన కోటు వేసుకుంటే గూని ఉన్నవాడు కూడా నిటారుగా నిలబడతాడు. కాని ఆ కోటు ఎప్పుడొస్తుందో వాడికే తెలియదు. గుడ్డ బల్ల మీద పరిచి, సుద్ద చేత్తో పట్టుకుని, దాని వంక గంటసేపు చూస్తాడు. ఈలోగా ఎవరో ఒకరొచ్చి వాళ్ళ అల్లుడి సంగతో, పంటి నొప్పి సంగతో ఎత్తుకుంటారు. సుద్ద పక్కన పెట్టి వింటాడు. విన్నాక నాలుగు సలహాలు చెబుతాడు. ఆ పూట అయిపోయినట్టే.

తేదీ మాత్రం ఠంచనుగా రాసిచ్చేవాడు. పద్నాలుగు అంటే పద్నాలుగు. ఆ రోజు మనిషి వస్తే నేను అందుకునేదాన్ని. "ఒక్క కాజాలే మిగిలాయండీ." "ఇస్త్రీకి వెళ్ళిందండీ." "కరెంటు పోయిందండీ, రేపు రండి." గుడ్డ ఆ మనిషి కళ్ళెదురుగానే, నా తల మీద అరలో, మడత విప్పకుండా ఉండేది. మా కొట్టుని అందరూ రేపురండి కొట్టు అనేవాళ్ళు. తెలిసినవాళ్ళు ఇరవయ్యో తేదీకి కావాలంటే పదో తేదీకే కావాలని చెప్పేవాళ్ళు. వాళ్ళ అబద్ధానికీ మా అబద్ధానికీ చెల్లు. ఏ టైలరు కొట్టయినా ఇంతే. కాదని ఎవరైనా అంటే ఆ టైలరుకి గిరాకీ లేదని అర్థం.

అసలు సంగతి కొలతల పుస్తకంలో ఉండేది. పేరు, కొలతలు, మనిషికి చెప్పిన తేదీ రాసేవాడు. గుడ్డ కత్తిరించాక ఆ పేరు కింద ఒక గీత. కుట్టడం అయ్యాక రెండో గీత. ఇచ్చేశాక పేరు మొత్తం కొట్టేసేవాడు. గీత లేని పేరు పక్కన ఏ తేదీ ఉన్నా అది తేదీ కాదు, మాట మాత్రమే. ఇది మా ఇద్దరికీ తెలుసు. ఇంకెవరికీ తెలియాల్సిన అవసరం అప్పటిదాకా రాలేదు.

మూలమీద మేడలో రెండో అంతస్తులో టీచరమ్మగారు ఒక్కరే ఉండేవారు. మా తమ్ముడికి చిన్నప్పుడు లెక్కలు చెప్పినావిడే. స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవారట. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేక కబురు పెడితే, వీడే వెళ్ళి కొలతలు తీసుకుని నీలం గుడ్డ తెచ్చాడు. పొడుగు చేతుల గౌను. పుస్తకంలో రాశాడు, ఆవిడకీ చీటీ రాసిచ్చాడు: పద్నాలుగో తేదీ సాయంత్రం, ఇంటికి తెచ్చి ఇవ్వాలి.

ఆ పద్నాలుగో తేదీ సాయంత్రమే ఎవరో ఆవిణ్ణి చంపి మెళ్ళో గొలుసు తీసుకుపోయారు.

మూడో రోజున పోలీసులు ఆ చీటీ పట్టుకుని కొట్లోకి వచ్చారు. ఆ సాయంత్రం అమ్మకి జ్వరమని నేను పెందలాడే ఇంటికి వెళ్ళిపోయాను. సైకిల్ షాపు కట్టేసి ఉంది. మా వాడు కొట్లో ఒక్కడే ఉన్నాడు, చూసినవాడు లేడు. మేడలో కింద వాటాలో ఉండే ఆవిడ, చేతిసంచీతో ఒక మగమనిషి మెట్లెక్కడం వెనకనుంచి చూశానంది. ఇక చూడండి. కొట్టంతా తిరగేశారు. అవి బళ్ళు తెరిచే రోజులు, అన్నీ యూనిఫారం గుడ్డలే, ఎటు చూసినా నీలమే. గుండుసూదులతో గుచ్చిన చీటీలన్నీ ఊడగొట్టి, గుడ్డలన్నీ నేలమీద కుప్పపోశారు. అందులో టీచరమ్మగారి నీలం ఏదో, బడిపిల్లల నీలం ఏదో చెప్పడం ఆ తరవాత ఎవరి తరమూ కాలేదు. గొలుసు దొరకలేదు. దాచేశాడన్నారు. పోతూ పోతూ కొలతల పుస్తకం పట్టుకుపోయారు.

మా తమ్ముడు మొదటి రోజు నుంచీ ఒకటే మాట చెప్పాడు. "గుడ్డ ఇంకా కత్తిరించనే లేదండీ. ఏం ఇవ్వడానికి వెళ్తాను? ఆ తేదీ ఊరికే చెప్పిందండీ." కోర్టులోనూ అదే చెప్పాడు.

మా తరఫున కోర్టువారే ఒక ముసలి వకీలుని ఇచ్చారు. ఆయన నాతో, "మీ తమ్ముడు మంచివాడని నాలుగు ముక్కలు చెప్పమ్మా, చాలు" అన్నాడు. నేను ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వెళ్ళాను. కోర్టు నిండా మా వీధి జనమే. మా ఎదురుగా కొత్తగా రెడీమేడ్ కొట్టు పెట్టినవాడు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. వాడు అంతకుముందు ఏడాదిగా మా బేరాలన్నీ చెడగొడుతున్నాడు, టైలర్లని నమ్ముకుంటే పెళ్ళి అయ్యాక బట్టలొస్తాయని.

ప్రభుత్వ వకీలు చాలా మర్యాదగా మొదలుపెట్టాడు. ఆ మర్యాద చూసైనా నాకు బుద్ధి రావాల్సింది.

"మీ కొట్టుకి మంచి పేరుందటగా అమ్మా?"

"ఉందండీ."

"పనితనం బాగుంటే సరిపోదు. చెప్పిన రోజుకి ఇస్తారా మరి?"

రెడీమేడ్ కొట్టువాడు నా వంక చూసి పెదవి విరిచాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గంట కిందటే మా తమ్ముడు అదే బోనులో నిలబడి ఆ తేదీ ఊరికే చెప్పిందన్నాడు, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ అన్నాను. "మా కొట్లో చెప్పిన మాట తప్పడమనేదే లేదండీ. చెప్పిన రోజుకి, చెప్పిన టైముకి, కావాలంటే ఇంటికి తీసుకెళ్ళి మరీ ఇస్తాం."

వెనకాల ఎవరో దగ్గారు. ప్రెస్సువాళ్ళావిడ అయి ఉంటుంది.

ప్రభుత్వ వకీలు మా తమ్ముడి వైపు తిరిగాడు. "నువ్వేమో తేదీ ఉత్తిదే అంటావు. మీ అక్కేమో తప్పేదే లేదంటోంది. మీ అక్క అబద్ధం చెబుతోందా?"

వాడు నా వంక చూశాడు. మాట్లాడలేదు. మూడుసార్లు అడిగారు. తల వంచుకుని నిలబడ్డాడు తప్ప నోరు విప్పలేదు. జడ్జిగారు ఏదో రాసుకున్నారు. తీర్పు చదివిన రోజున ఆ రాసుకున్నదేమిటో విన్నాను. 'నిందితుడి సొంత అక్కే చెప్పిన ప్రకారం' అని ఉంది. యావజ్జీవం వేశారు.

కోర్టు మెట్ల మీదే ముసలి వకీలుని పట్టుకుని, నేను చెప్పింది అబద్ధమండీ, వెనక్కి తీసుకుంటానన్నాను. ఆయన నన్ను పక్కకి లాగాడు. "ప్రమాణం చేసి చెప్పిన మాట మారిస్తే నువ్వూ లోపలికి పోతావు. వాణ్ణి కాపాడ్డానికి మాట మార్చావంటారు, వాడూ బయటికి రాడు. మంచంలో ఉన్న మీ అమ్మని ఎవరు చూస్తారు?" అన్నాడు. నేను భయపడ్డాను. అమ్మ కోసమే భయపడ్డానని చెప్పుకునేదాన్ని. అమ్మ అయిదో ఏట పోయింది. ఆ తరవాత రెండున్నరేళ్ళు ఎవరికోసం భయపడ్డాను? నాకోసమే. దానికి సాకు లేదు, వెతకను కూడా.

నెలకొకసారి చూడ్డానికి వెళ్ళేదాన్ని. మధ్యలో ఇనప వల, ఇరవై నిమిషాలు. నా తప్పు నా మీదికి రాకుండా వాడి మీద ఎగిరేదాన్ని. "ఆ రోజు నోట్లో ఏం పెట్టుకున్నావురా? ఒక్క ముక్క చెప్పి చావొచ్చుగా?" వాడు నవ్వి, "కాజాల దారం ఎక్కడ కొంటున్నావు?" అనేవాడు. జైల్లో వాడికి కుట్టుపనే ఇచ్చారు. ఖైదీల బట్టలు. చిన్నది, మధ్యరకం, పెద్దది, మూడే సైజులు, ఎవరి కొలతా తీసుకోనక్కర్లేదు. రోజుకిన్ని అని లెక్క, సాయంత్రం అయిదింటికి అప్పజెప్పాలి. కొలతలు లేని కుట్టు ఎలా ఉంటుందిరా అంటే, "చెయ్యి కదులుతుందక్కా, అంతే" అన్నాడు.

వాడికి పెళ్ళి కుదిరి ఉండేది. గుండీల కొట్లో పనిచేసే అమ్మాయి. రెండేళ్ళు చూసింది. మూడో ఏట నా దగ్గరకొచ్చి ఏమీ అనకుండా స్టూలు మీద కూర్చుంటే, నేనే వెళ్ళమ్మా, పెళ్ళి చేసుకో అన్నాను. అమ్మ పోయినప్పుడు వాణ్ణి రెండు గంటలు తీసుకొచ్చారు. ఇద్దరు పోలీసులు గుమ్మంలో నిలబడ్డారు. వాడు అమ్మ మంచం పక్కన నిలబడి, దుప్పటి అంచు కుట్టు ఊడితే అది సరిచేసి వెళ్ళిపోయాడు. ఏడవలేదు. 

ఎనిమిదో ఏట ఒక పడుచు వకీలు వచ్చింది. డబ్బు లేనివాళ్ళ పాత కేసులు తిరగేయడం ఆమె పని. చంకలో చిరిగిన నల్లకోటు, చేతిలో మా కొలతల పుస్తకం నకలు. ఏవో ప్రశ్నలు అడగాలంది. కోటు ఇలా ఇవ్వు, కుడుతూ చెబుతానన్నాను. ఆ గంటలో ముగ్గురొచ్చారు. నేను ఒక్కదాన్నే కొట్టు నడుపుతున్నాను, జిప్పులు మార్చడం, పొడుగు తగ్గించడం అంతే. మొదటి ఆయనకి కాజాలే మిగిలాయన్నాను. రెండో ఆవిడకి ఇస్త్రీకి వెళ్ళిందన్నాను. మూడో ఆయన ప్యాంటు నా ఒళ్ళోనే ఉంది, దాని మీదే కోటు పెట్టి కుడుతున్నాను. "రేపొద్దున్నే రండి, రెడీ" అన్నాను.

వకీలమ్మ నా వంక చూసింది. నకలు తెరిచింది. "అక్కా, ఈ పుస్తకంలో తేదీలు కూడా ఇలాంటివేనా?"

సూది అలాగే ఆగిపోయింది.

"ఈ గీతలేమిటి?" అంది.

చెప్పాను. ఒక గీత కత్తిరించినట్టు, రెండు కుట్టినట్టు అని. ఆమె పేజీ తిప్పి, టీచరమ్మగారి పేరు మీద వేలు పెట్టింది. గీత లేదు. నకలు మూసి, మెల్లిగా చెప్పింది. "మీ తమ్ముడితో నిన్న మాట్లాడాను. తేదీ సంగతి తేలాలంటే మీ అక్కని మళ్ళీ బోనెక్కించాలి అన్నాను. అయితే నాకు వకీలే వద్దు, ఇక్కడే ఉంటాను అన్నారు. ఆ రోజు కోర్టులో నోరు విప్పనిది కూడా అందుకేనట. అక్క చెప్పింది అబద్ధమే అంటే మిమ్మల్ని తీసుకుపోతారని."

ఎనిమిదేళ్ళు నేను ఇనప వలకి ఇటుపక్క నిలబడి వాణ్ణి తిట్టాను. నోట్లో ఏం పెట్టుకున్నావురా అని. వాడి నోట్లో ఉన్నది నేనని నాకు తెలియదు. కోటు ముఖాన పెట్టుకుని ఏడ్చాను. ఆ పిల్ల వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది, ఎవరూ చూడకుండా.

"వాడు వద్దంటే ఆగిపోవడానికి వాడేమన్నా నాకు అన్నా? అయిదేళ్ళు చిన్నవాడు. ఎక్కడ నిలబడాలో, ఏం చెప్పాలో చెప్పు" అన్నాను.

"మీకు శిక్ష పడొచ్చు."

"పడనీ."

కోర్టు రోజుకి నేను సంచీ సర్దుకున్నాను. రెండు జతల బట్టలు, బీపీ మాత్రలు, కళ్ళద్దాలు. అంతకుముందు పదిరోజులు ఇల్లిల్లూ తిరిగాను. తలుపు తీసిన ప్రతి మనిషికీ ఒకటే చెప్పాను. "ఇన్నేళ్ళూ నన్ను కొట్లో తిట్టిన తిట్లు గుర్తున్నాయా? అవన్నీ కోర్టుకొచ్చి తిట్టాలి." ముక్కున వేలేసుకున్నారు. అయినా ఇరవై ఆరుగురు వచ్చారు. పాత రసీదులు పట్టుకుని మరీ వచ్చారు, ఎక్కడ దాచారో ఏమో.

జడ్జిగారు అయిదుగురు చాలన్నారు. ప్రెస్సువాళ్ళావిడ, చలికాలానికని ఇచ్చిన కోటు ఉక్కపోతల్లో చేతికొచ్చిందని చెప్పింది. ఇంకొకావిడ తన పెళ్ళి పాత గౌనులోనే జరిగిందనీ, కొత్త గౌను మొదటి పెళ్ళిరోజుకి అందిందనీ చెప్పింది. బడి హెడ్‌మాస్టరు గారు మా యూనిఫారాలు వచ్చేసరికి పిల్లలు పెరిగి, అవి తమ్ముళ్ళకి సరిపోయాయన్నారు. టైపు కొట్టే అమ్మాయి చెయ్యి ఆపి తల దించుకుంది, భుజాలు కదులుతున్నాయి. జడ్జిగారు నవ్వలేదు. "ఇన్ని అవస్థలు పడి మళ్ళీ అతనికే ఎందుకిచ్చారు?" అని మాత్రం అడిగారు.

"వేసుకుంటే తెలుస్తుందండీ" అంది ప్రెస్సువాళ్ళావిడ.

నా వంతు వచ్చింది. మా తమ్ముడు అవతల కూర్చుని ఉన్నాడు. నేను బోనెక్కగానే లేచి నిలబడి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నేను వాడి వంక చూడలేదు. చూస్తే నోరు పెగిలేది కాదు. చిన్నప్పుడు నిజం నిలకడ మీద తెలుస్తుందని మా అమ్మ అంటుండేది. నిలకడగా ఉండడం నాకెప్పుడూ చేతకాలేదు, గబగబా చెప్పేశాను. ఆ రోజు చెప్పింది అబద్ధం. మేము ఏ రోజూ చెప్పిన రోజుకి ఇవ్వలేదు. గీత లేకపోతే గుడ్డ కత్తిరించనట్టు. కత్తిరించని గౌను ఇవ్వడానికి ఎవరూ మెట్లెక్కరు.

జడ్జిగారు అసలు పుస్తకం తెప్పించుకుని తనే పేజీలు తిప్పారు. పద్నాలుగో తేదీ కంటే ముందు తేదీలుండి ఇంకా కొట్టెయ్యని పేర్లు పదకొండు. ఒక్కదాని కిందా గీత లేదు. "అంటే ఈమె వంతు రావడానికి..." అని ఆగారు.

"ఇంకో నెల పట్టేదండీ, తక్కువలో తక్కువ" అన్నాను.

"ఇదంతా అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"కొట్టు పరువు పోతుందనుకున్నానండీ. తమ్ముడు పోయాడు."

నాలుగు వారాలకి తీర్పు వచ్చింది. వెనకనుంచి చూసిన వీపు ఒక మనిషి కాదన్నారు. పుస్తకంలో తేదీ నేరానికి రుజువు కాదన్నారు. విడుదల చెయ్యమన్నారు. నాకేమో, కోర్టు లేచేదాకా ఆ మూల బెంచీ మీద కూర్చోవాలని శిక్ష వేశారు. మూడు గంటలు కూర్చున్నాను, సంచీ ఒళ్ళో పెట్టుకుని. బతుకులో అంత హాయిగా నేనెప్పుడూ కూర్చోలేదు. ఫ్యాను తిరుగుతోంది. ఎవరిదో పొలం తగాదా నడుస్తోంది. నా గుండెల మీద ఎనిమిదేళ్ళుగా కూర్చున్న బండ లేచి వెళ్ళిపోయింది. పక్కన కూర్చున్న బంట్రోతు మంచినీళ్ళు తెచ్చిచ్చి, "మా ఆవిడ జాకెట్టు కూడా ఇంతేనమ్మా, ఆర్నెల్లయింది" అన్నాడు. ఏ టైలరో అడిగాను. మా ఎదురు రెడీమేడ్ కొట్టువాడి బావమరిదట. చాలా సంతోషించాను.

టీచరమ్మగారిని చంపినవాడు ఇప్పటికీ దొరకలేదు. వెతకనే లేదు, దొరికాడనుకున్నారు కదా. వాడెవడో ఈ ఎనిమిదేళ్ళూ ఎక్కడో తిని తిరిగాడు. ఆవిడకి జరిగిన న్యాయం కూడా ఏమీ లేదు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తీర్పు వచ్చిన మర్నాడు మధ్యాహ్నం మా తమ్ముడు బయటికి వచ్చాడు. కాగితం పొట్లంలో పాత చొక్కా, వేలికి జైల్లో పడిన కాయ, నలభై రెండేళ్ళకే సగం నెరిసిన తల. నేను ఏదో అనాలని చాలా అనుకుని వెళ్ళాను. తీరా పొట్లం లాక్కుని, "నడు" అన్నాను. దారంతా నేనే వాగాను. ఇంటికొచ్చి స్నానం చేసి పడుకున్నవాడు పద్నాలుగు గంటలు నిద్రపోయాడు. మధ్యలో నాలుగుసార్లు వెళ్ళి చూశాను, ఊపిరి తీస్తున్నాడా లేదా అని. తీస్తున్నాడు. మా ఇంట్లో, మా అమ్మ మంచం మీద. అదే చాలనిపించింది.

మొదటి రోజే అడిగేశాను. "నావల్లే అయిందిరా, నన్ను క్షమిస్తావా?"

"అదేం లేదక్కా" అన్నాడు.

అంతే. మూడో రోజు మళ్ళీ అడిగాను. అదేం లేదక్కా. ఏది చెప్పినా సరే అక్కా. మంచినీళ్ళు తాగనా అక్కా. కొట్టు గుమ్మం దగ్గరికొచ్చి, నేను లోపలికి రమ్మనేదాకా బయటే నిలబడేవాడు. వాడి కొట్టు అది. నేను కూర్చునే స్టూలు కూడా వాడిదే. జైల్లో పెద్దాఫీసరుతో ఎలా ఉండేవాడో నాతోనూ అలాగే ఉండడం మొదలుపెట్టాడు, మెత్తగా, దూరంగా.

దాన్ని మించి ఇంకొకటి. చెప్పిన రోజుకి ఇవ్వడం మొదలుపెట్టాడు. సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి తల ఎత్తకుండా మిషను తొక్కేవాడు. అయిదు కొట్టేసరికి పని అంతా మడతపెట్టి బల్ల మీద వరసగా పేర్చి, పక్కన నిలబడేవాడు. ఎవరూ లెక్కపెట్టడానికి రారని చెప్పినా నిలబడేవాడు. ముందు తేదీ చెప్పి పదిరోజులు ఆగి వచ్చే అలవాటున్న జనం బిత్తరపోయారు. "టైలరు గారికి ఒంట్లో బాగానే ఉందా?" అని నన్ను చాటుగా అడిగేవాళ్ళు. నవ్వకండి. నాకు నవ్వొచ్చేది కాదు. ఎవరైనా అల్లుడి సంగతి ఎత్తుకుంటే వాడు వినేవాడు కాదు, గడియారం వంక చూసేవాడు. వాణ్ణి జైలు నుంచి తెచ్చుకున్నాను గాని, వచ్చిన మనిషి మా తమ్ముడు కాదు. ఒక్కసారి తిట్టినా బాగుండేదని ఎన్నోసార్లు అనిపించింది. తిట్టని మనిషిని ఏమని బతిమాలుకుంటాం?

మూడు నెలలు అలాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం ప్రెస్సువాళ్ళావిడ వచ్చి, కొలత ఇస్తూ, "ఎలా ఉన్నారు టైలరు గారూ? కుదుటపడ్డారా?" అంది. వాడు టేపు పట్టుకుని ఉన్నాడు. వాడు నోరు తెరిచేలోగా, ఎప్పటిలాగే నేను అందుకున్నాను.

"బాగున్నాడండీ. జరిగిందంతా మర్చిపోయాడు. వాడి మనసు వెన్న."

టేపు కిందపడేశాడు.

"నేను మర్చిపోయానని నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"అది కాదురా..."

"నన్ను అడిగితే నువ్వెందుకు చెబుతావు? ఎప్పుడూ నువ్వే చెబుతావు. నా గురించి నాకు తెలియదా? ఆ రోజూ అంతే. నోరుంది కదా అని చెప్పేశావు. ఆ రెడీమేడ్ వాడు పెదవి విరిచాడని. వాడి పెదవికి నా ఎనిమిదేళ్ళా అక్కా?"

గొంతు పెద్దదైంది. మిషను మీద చెయ్యి బలంగా కొట్టాడు. నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను.

"అమ్మకి జ్వరం వస్తే నేను రాలేదు. అమ్మ పోతే రెండు గంటలు ఇచ్చారు, రెండు గంటలు. గుమ్మంలో పోలీసుల ముందు ఏడవడం సిగ్గుగా ఉండి దుప్పటి కుట్టాను. ఆ గుండీల కొట్టు అమ్మాయికి ఇద్దరు పిల్లలట. మొన్న దారిలో కనబడి నమస్కారమండీ అంది. అండీ అట. ప్రతి నెలా వచ్చి నువ్వు నన్నే తిట్టావు. నవ్వాను. నవ్వకపోతే నువ్వు మళ్ళీ రావేమోనని నవ్వాను. మర్చిపోయాడట. ఒక్క రోజు మర్చిపోలేదు."

ప్రెస్సువాళ్ళావిడ సంచీ తీసుకుని మెల్లిగా బయటికి జారుకుంది. సైకిల్ షాపులో గాలి కొట్టే చప్పుడు ఆగిపోయింది. వీధంతా వింటోందని తెలుసు. విననీ. నా కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి, నా జన్మలో నాకంత తేలిగ్గా ఎప్పుడూ లేదు. ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు వాడి గాలిపటం నేను చింపితే ఆ గొంతుతోనే నన్ను ఇల్లంతా తరిమాడు. ఇది మా తమ్ముడే.

వాడు ఆయాసంతో బల్ల మీద కూర్చున్నాడు. ఏడుస్తున్నాడు, భుజాలు ఎగిరెగిరి పడేలా. అమ్మ పోయిన రోజున ఏడవాల్సింది కూడా అప్పుడే ఏడ్చినట్టున్నాడు. నేను దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చున్నాను. జరిగి చోటిచ్చాడు. అయిదు ఎప్పుడు కొట్టిందో ఇద్దరం చూసుకోలేదు.

కాసేపటికి చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుని, "నువ్వెందుకు ఏడుస్తావు? ఏడవాల్సింది నేను" అన్నాడు కోపంగా.

"సరే, ఏడవను. ఇంకా ఉందా?"

"చాలా ఉంది. ఇవాళతో అయ్యేది కాదు."

"అయితే కానీ" అన్నాను. "నేనెక్కడికీ పోను."